అద్దం లోపలి నుంచి రాసే పెయింటరు

మా వీధి పెయింటరు ముప్పై ఏళ్లుగా కొట్ల అద్దాల మీద పేర్లు రాస్తున్నాడు. లోపల నిలబడి అక్షరాలు తిరగేసి రాస్తాడు. బయటివాళ్లకు తిన్నగా కనిపిస్తాయి. యాభై ఐదో ఏట ఆయనకు డ్రోన్ సరదా పుట్టింది. అల్లుడు తన డ్రోన్ తెచ్చి, "విరగ్గొడితే మళ్లీ ముట్టుకోనివ్వను మామయ్యా," అన్నాడు.

మైదానంలో ఎగరేయగానే డ్రోన్ ఆయన వైపు మూతి తిప్పింది. అప్పుడు రిమోట్ మీద మీట ఎడమకు నెడితే అది మన కుడికి పోతుంది. అది తెలియక పెయింటరు దాన్ని పొదలోకి తోలాడు. అదృష్టం, రెక్కలు దక్కాయి.

"కుంచె పట్టే చేతికి గాల్లో ఏం పని బావా?" అని చూడ్డానికొచ్చిన బావమరిది నవ్వాడు.

పెయింటరు దాన్ని మళ్లీ లేపాడు. ఈసారీ అది ఆయనకేసే తిరిగింది. గాలికి కొట్టుకుపోతూ, ఆయనకు ఎడమవైపున్న కరెంటు తీగల మీదికి జారసాగింది.

"కుడికి నెట్టండి మామయ్యా, కుడికి!" అని అల్లుడు కంగారులో అరిచాడు.

ఆయన మాత్రం మీటను ఎడమకే, గీత లాగినంత నింపాదిగా నెట్టాడు. డ్రోన్ తీగలను తప్పించుకుని వచ్చి కాళ్ల ముందు దిగింది.

"అద్దం అవతల ఉందనుకున్నా, అంతే," అన్నాడు.

అల్లుడు డ్రోన్ సంచి ఆయన భుజానికే తగిలించాడు.

"నాకూ ఓసారి ఇవ్వు బావా!"

"ముందు నీ పేరు తిరగేసి రాసి చూపించు."