నీళ్ళను గుంజని పంపు

జనగామలో మేం కొన్న పాత ఇంటి డాబా మీద ఫ్యాను ఉన్న ఒక పెద్ద పెట్టె, దాని పక్కన నీళ్ళ ట్యాంకు ఉన్నాయి. రెండింటినీ కలుపుతూ రాగి గొట్టాలు. వేడినీళ్ళు దీంట్లోంచే వస్తాయని అమ్మినవాళ్ళు చెప్పారు. తీరా చలికాలం వచ్చేసరికి గోరువెచ్చనివి కూడా రాలేదు. మోకాలి ఆపరేషన్ చేయించుకుని మా అమ్మ నా దగ్గరే ఉంటోంది. పొద్దున్నే కాలికి వేడినీళ్ళ కాపడం పెట్టకపోతే ఆమె మంచం దిగలేదు.

పెట్టె మీద 'హీట్ పంప్' అని ఉంది. డిగ్రీ చదివినదాన్ని, పంపంటే మోటారే కదా అని బోరు మోటార్లు బాగుచేసే మనిషిని పిలిచాను. అతను పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"గిండ్ల మోటరేది అక్కా? గిది ఏసీ డబ్బా. ఇంట్ల గోడకుండే ముక్క ఎవడో పీక్కపోయిండు."

మా ఆయన ఆ మాటే పట్టుకుని, సాయంత్రం వచ్చి పెట్టెను తీసుకుపొమ్మని పాత ఇనుము కొనే అతనికి చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. నేను దేనికీ ఒప్పుకోనని మా ఇంట్లో పేరుంది, కానీ ఈసారి కారణం కూడా ఉంది. స్విచ్ వేస్తే పెట్టెలోంచి సన్నగా చల్లగాలి వస్తోంది. ఏసీ డబ్బా అయితే బయటికి వేడిగాలి కదా కొట్టాలి?

నేను ఫోన్ చేస్తే మధ్యాహ్నం స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఒక ఫ్రిజ్ మెకానిక్ బస్సులో వచ్చాడు. యాభై దాటిన మనిషి. వచ్చీ రాగానే సంచి విప్పలేదు. ఫ్యాను ముందు అరచెయ్యి పెట్టాడు, గొట్టాలను ఒక్కొక్కటే తాకాడు, పెట్టెకు అంటించిన చీటీ మీది అక్షరాలన్నీ ఓపిగ్గా చదివాడు.

"నీళ్ళను గుంజే పంపు కాదక్కా ఇది. గాలిల వేడిని గుంజి నీళ్ళకిస్తది. అందుకే గాలి సల్లగొస్తుంది."

"చలికాలంల గాలికి వేడేందన్నా? నా చెవుల పువ్వు పెడుతున్నవా?"

"మీ ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే ఎట్లుంటది?"

"కాలుతది."

"గా వేడి ఏడికెల్లొచ్చింది? లోపల పెట్టిన కూరగాయలకెల్లే. ఫ్రిజ్‌ల పెట్టంగ అవేమన్న కాలుతున్నయా?"

కాలడం లేదని ఒప్పుకున్నాను. ఇలా జరగడం అరుదు.

తర్వాత అతను కరెంటు ఆపి, ఫ్యూజు పీకి తన జేబులోనే వేసుకున్నాడు. "మరిచిపోయి ఎవరన్న వేస్తరు" అన్నాడు. పెట్టె వెనక్కి వెళ్ళి చూస్తే, సన్నటి రేకుల మధ్య దూది దట్టంగా పేరుకుంది. మా సందు చివర పత్తి కొంటారు. సీజన్‌లో బట్టలారేస్తే వాటికీ అంటుకుంటుంది. దానికి తోడు మూడు వైపులా కట్టిన టార్పాలిన్ ఒకటి.

"గీ పరదా ఎవరు కట్టిన్రు?"

"నేనే. వానకు తడుస్తదని."

"ముక్కు మూసి ఉరుకుమంటే ఎట్ల ఉరుకుతది అక్కా!"

పరదా విప్పేసి, మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి, రేకులు వంగకుండా, బిడ్డ తల దువ్వినట్టు దూది తీశాడు. గొట్టం మీది తొడుగును కోతులు పీకేసిన చోట కొత్తది చుట్టాడు. ట్యాంకు మీది వాల్వు ఎత్తి చూశాడు, ఎర్తు వైరు సరిచూశాడు. ఫ్యూజు పెట్టి నడిపించాక సంచి సర్దుకుని పోతాడనుకున్నాను. గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"గిది పొయ్యి లెక్క కాదు, నిమ్మళంగ కాగుతది. నీళ్ళు ముట్టుకొని సూసే పోత."

పాత ఇనుము అతను వస్తే మా ఆయనే కిందికి వెళ్ళి పంపేశాడు. ఘన్‌పూర్ బస్సులు రెండు వెళ్ళిపోయాయి. నాతో వాదించి గెలిచినవాళ్ళను నేను సాధారణంగా మెచ్చుకోను. ఈ మెకానిక్‌కు మాత్రం రెండోసారి చాయ్ పెట్టాను.

మెకానిక్ నల్లా తిప్పి, చెయ్యి పెట్టి, చప్పున వెనక్కి తీసుకున్నాడు. నవ్వాడు.

ఆ సాయంత్రమే కింద స్నానాల గదిలోంచి అమ్మ అరిచింది.

"ఏందే గిది, నా తోలు ఊడగొడుతవా? జర సల్లనీళ్ళు తే!"