లండన్‌లో అచ్చయిన షెడ్డు కాలేజీ

కన్నడ రాజధానిలో కాటన్‌పేట నూలు వ్యాపారి నారాయణప్ప కూతురు కమలమ్మ ఆడపిల్లల కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేది. లండన్‌లో అచ్చయ్యే ఒక పత్రికకు మన పైచదువుల మీద ఇంగ్లీషులో వ్యాసాలు రాసేది. నానాదేశాల యూనివర్సిటీల వాళ్లు చదివే పత్రిక. వ్యాసం రెండు పేజీలు దాటకూడదు. మన కాలేజీల్లో ఉన్న చదువుకు అదే ఎక్కువని ఆమె అనేది.

అప్పట్లో ఊరి చుట్టూ డొనేషన్ ఇంజనీరింగ్ కాలేజీలు లేస్తుండేవి. సారా అమ్మినవాడూ, రాళ్లు కొట్టించినవాడూ విద్యాదాతలైపోయారు. హోసూరు రోడ్డులో కంకర కాంట్రాక్టరు ఓబళప్ప తన లారీల షెడ్డుకు సున్నం కొట్టించి కాలేజీ అన్నాడు. 1983లో కమలమ్మ దాన్ని చూడబోయిన రోజే యూనివర్సిటీ తనిఖీ. వర్క్‌షాపు నిండా లేతు మిషన్లు. తనిఖీకొచ్చిన ప్రొఫెసర్లు ఒక్కదాన్నీ తిప్పి చూడలేదు. తిప్పినా తిరగవు, షెడ్డుకు కరెంటే లేదు. హోళిగలు, అదే బొబ్బట్లు, తిని, దండలు వేయించుకుని, అంతా భేషని సంతకాలు చేసి కారెక్కారు. ఆ వెంటనే కూలీలు మిషన్లను లారీలోకి ఎత్తారు. ఎక్కడికని ఆమె అడిగితే, తెచ్చిన చోటికే, బొమ్మసంద్ర ఫ్యాక్టరీకని డ్రైవరు చెప్పాడు.

చూసింది చూసినట్టు రాసింది, కాలేజీ పేరుతో సహా. వ్యాసం అచ్చయింది. ఓబళప్ప మనుషులు అంగడి మీదికొస్తారని నారాయణప్ప బెదిరిపోయాడు. ఓబళప్పే వచ్చాడు, మల్లెదండ పట్టుకుని.

"అమ్మా, లండన్ పుస్తకంలో మా కాలేజీ పేరు ఉండాది. పటం కట్టించి అడ్మిషన్ రూములో తగిలించినాము. కాలేజీ డేకి మీరే రావల్ల."

"దాంట్లో ఏం రాసిండానో చదివినారా అప్పా?"

"ఇంగ్లీషు గదమ్మా. మా ప్రిన్సిపాలు చదివి బాగుండాది అన్నాడు."

ఆ ప్రిన్సిపాలు చదివి ఉంటే దిగులు, చదవకపోతే మరీ దిగులు అనుకుంది కమలమ్మ. వస్తానని ఒప్పుకుంది. సీట్ల కోసం వచ్చిన తల్లిదండ్రులతో పందిరి నిండిపోయింది. ఆమె మైకు ముందు నిలబడి తన వ్యాసాన్ని కన్నడంలోనూ తెలుగులోనూ వివరంగా చెప్పింది. లారీ సంగతి, కరెంటు సంగతి, హోళిగల సంగతి ఏదీ వదల్లేదు. వేదిక మీద ఓబళప్ప చిరునవ్వు చెదరలేదు.

ముళబాగిలు నుంచి వచ్చిన వెంకటగిరియప్ప అనే రైతు లేచాడు. "అదంతా సరే తల్లీ. ఈడ చదివితే డిగ్రీ వస్తాదా, రాదా?"

"వస్తాది," అంది కమలమ్మ. అబద్ధం చెప్పలేకపోయింది.

"ఇంకేమి మళ్లా," అని ఆయన కూర్చున్నాడు. పందిరంతా చప్పట్లు కొట్టింది. ఆ ఏడు సీట్లకు తొక్కిసలాట జరిగింది.

ఆ సభ గురించీ ఆమె రాసింది. మా పాఠకులు నమ్మరని సంపాదకుడు తిప్పి పంపాడు. ఆమె ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ పంపింది. ఆ మరుసటి ఏడు వేశారు. అది చదివిన దొర ప్రొఫెసరు ఒకాయన, ఇండియాలో హాస్యం ఇంత చక్కగా రాస్తారని ఎరగనంటూ పత్రికకు మెప్పు రాశాడు.

ఆ మెప్పు చదివాక కమలమ్మ లండన్‌కు రాయడం మానేసింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇక్కడి పత్రికలకు కన్నడంలోనే రాసింది. చదివేవాళ్లు కొద్దిమందే. హాస్యమని మెచ్చుకున్నవాళ్లు మాత్రం లేరు.