నటించమని ఎవరు చెప్పారు

1999 జూన్‌లో నన్ను మదనపల్లె ప్రభుత్వ ఆసుపత్రికి మానసిక వైద్యురాలిగా వేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉందిగానీ నేను కత్తి పట్టింది లేదు. ప్రభుత్వం మా అందరికీ ఒకే బిరుదు తగిలిస్తుంది. పీజీ చదివే రోజుల నుంచీ నా మనసు ఫోరెన్సిక్ సైకియాట్రీ మీద ఉండేది. నేరం జరిగినప్పుడు మనిషి తెలివిలో ఉన్నాడా, తన మీద నడుస్తున్న కేసు అతనికి అర్థమవుతోందా అన్న ప్రశ్నలకు కోర్టుకు జవాబు చెప్పే శాఖ అది. మా బంధువులు మాత్రం అదేదో పోలీసులతో కలిసి దొంగల్ని పట్టే ఉద్యోగం అనుకునేవారు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, చివరికి అవునని ఒప్పేసుకున్నాను.

ఆ ఉద్యోగాలు అప్పట్లో ఎలా దొరికేవని ఇప్పటి పిల్లలు అడుగుతుంటారు. దొరికేవి కావు. రాష్ట్రం మొత్తానికి అలాంటి పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అవి కూడా పెద్ద మానసిక వైద్యశాలల్లో, ముద్దాయిలను ఉంచే వార్డుల్లో మాత్రమే ఉండేవి. వాటిలో ఉన్నవాళ్ళు రిటైరైతేనే ఖాళీ. ఆ ఖాళీ సంగతి సర్క్యులర్‌గా మదనపల్లె చేరేసరికి గడువు ముగిసిపోయేది. అందుకే నగరంలో పనిచేస్తున్న నా సీనియర్ ప్రభాకర్ గారికి వారం వారం ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసేదాన్ని. ఆయన నా గొంతు వినగానే, ఇంకా ఎవరూ రిటైర్ కాలేదమ్మా అని ఫోన్ పెట్టేసేవారు.

ఈలోపు నేను చేయగలిగింది ఒక్కటే, అనుభవం కూడబెట్టుకోవడం. పోస్టుకు డిగ్రీ ఒక్కటే చాలదు. కోర్టు పంపిన వాళ్ళను పరీక్షించి, బోనెక్కి సాక్ష్యం చెప్పిన అనుభవం చూపాలి. అదృష్టవశాత్తు మా డాక్టర్లకు కోర్టు అంటే గిట్టదు. పొద్దుటి నుంచి వరండాలో నిలబడి, సాయంత్రానికి వాయిదా పడిందని విని రావడం ఎవరికి ఇష్టం? సమన్లు రాగానే, నీకు ఇష్టం గదా అని నా బల్ల మీద పెట్టి ఊపిరి పీల్చుకునేవారు. అలా పుంగనూరు కోర్టులో ఒక ముసలాయన వీలునామా రాసేనాటికి స్వస్థబుద్ధితో ఉన్నాడా అన్న కేసుతో నా సాక్ష్యాలు మొదలయ్యాయి. పుంగనూరు అంటే గంట ప్రయాణం లోపే. కుప్పం మాత్రం పలమనేరు, వి.కోట మీదుగా నడుం విరిగేంత దూరం. అక్కడి కోర్టు వరండాలో ఒక బెంచీ మీద తెలుగు, పక్క బెంచీ మీద తమిళం, మెట్ల మీద కన్నడం వినపడేవి.

2002 మొదట్లో ప్రభాకర్ గారే ఫోన్ చేశారు. ఖాళీ వచ్చింది. సూపరింటెండెంటు సంతకంతో, ఆసుపత్రి ద్వారానే దరఖాస్తు పంపాను. ఇంటర్వ్యూకి పిలుపు వస్తే, స్వయంగా పరీక్షించి సాక్ష్యం చెప్పిన ఒక కేసును కమిటీ ముందు వివరించాలి. కమిటీలో ఒక రిటైర్డ్ జడ్జి కూడా ఉంటారట. పిచ్చి నటిస్తున్నవాడి నటన పట్టుకున్న కేసు ఉంటే అదే చెప్పు, వాళ్ళకు అవంటే ప్రాణం అని ప్రభాకర్ గారు సలహా ఇచ్చారు.

సరిగ్గా అప్పుడే కుప్పం మేజిస్ట్రేటు కోర్టు ఒక ముద్దాయిని పరిశీలన కోసం మా ఆసుపత్రికి పంపింది. అతని పేరు మార్చి మునెప్ప అంటాను. వి.కోట దగ్గరి పల్లెలో మెట్ట రైతు. చేనులో పారతో తమ్ముడి తల మీద కొట్టాడు. తమ్ముడు బతికాడుగానీ ఒక చెవి పోయింది. మునెప్పకు మతి చలించిందని అతని తరఫు వకీలు వాదన. పరిశీలన అంటే కొద్దిరోజులు వార్డులో పెట్టుకుని, కాపలా కానిస్టేబుల్ ఎదుట గమనించి, అభిప్రాయం రాసి పంపడం. జబ్బు నిజమైతే కేసు ఆపి వైద్యం చేయిస్తారు. నటన అయితే విచారణ జరుగుతుంది, ఆ తర్వాత జైలు.

మునెప్ప నన్ను చూడగానే నేల మీది మన్ను గీరి నోట్లో వేసుకున్నాడు. పగలబడి నవ్వాడు. వయసెంత అంటే రెండు వందలన్నాడు. నేను తలుపు దాటగానే మూతి తుడుచుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కిటికీ లోంచి చూశాను. కానిస్టేబుల్ కూడా, “అంతా నాటకం మేడమ్, సబ్‌జైల్లో ఒక్కనాడు కూడా ఇట్ల జేయలేదు,” అన్నాడు. నిజమైన రోగి జబ్బు దాచుకుంటాడని, నటించేవాడు ఊరందరికీ చూపిస్తాడని మా చదువులో మొదటి పాఠం. నాకు లోపల సంతోషమే కలిగింది. ఇంటర్వ్యూకి కేసు నడుచుకుంటూ వచ్చింది.

అయితే ఒక విషయం పొసగలేదు. వార్డులో ఇచ్చే కుండ నీళ్ళు మునెప్ప తాగడం లేదు. ఎవరూ లేరనుకున్నప్పుడు కొళాయి దగ్గరికి వెళ్ళి, చాలాసేపు నీళ్ళు వదిలేసి, ఆ తర్వాత దోసిలి పట్టేవాడు. భార్య రత్నమ్మ తెచ్చిన సంగటి, ముందు ఆమె ఒక ముద్ద తింటేనే ముట్టేవాడు. నేను చూస్తున్నానని తెలిస్తే ఆ పని మానేసి మళ్ళీ మన్ను అందుకునేవాడు. మన్ను తినడం అందరికీ చూపిస్తున్నాడు, నీళ్ళ భయం మాత్రం దాస్తున్నాడు.

రత్నమ్మను వేరుగా కూర్చోబెట్టి, అతనికి ఈ వేషాలు ఎవరు నేర్పారని అడిగాను. చెబితే ఆయనకు శిక్ష పడుతుందని ఆమె భయం. చెప్పకపోతేనే పడుతుందన్నాను.

“మేమే సెప్పినామమ్మా. మన్ను తిను, నవ్వు, అడిగినదానికి ఇంకోటి సెప్పు అని. మా సిన్నాయన సెప్పినాడు, పిచ్చోడని రాస్తే కోర్టోళ్ళు ఇడిసిపెడతారంట.”

మరి అంతకుముందు ఎలా ఉండేవాడని అడిగాను.

“బాగానే ఉండాడు తల్లీ. బాయినీళ్ళల్లో తమ్ముడు మందు కలిపినాడంటాడు. రేయంతా గోడకు చెవి పెట్టుకోని, ఆడ నా మాటే మాట్లాడుకుంటాండారు అంటాడు. నాలుగైదేండ్లుగా అంతే. పిచ్చి యాడుండాది? గుడ్డలు సించుకున్యాడా, ఈదిన పడి తిరిగినాడా?”

నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. ఆ పల్లెలో పిచ్చి అంటే గుడ్డలు చించుకునేది, వీధిలో కేకలు పెట్టేది. చేనుకు వెళ్ళి, పన్ను కట్టి, పలకరిస్తే పలికే మనిషి, బావిలో విషముందని నమ్మితే అది పట్టుదల, అన్నదమ్ముల పగ. కోర్టు పిచ్చి అడిగింది కాబట్టి వాళ్ళకు తెలిసిన పిచ్చిని మునెప్పకు నేర్పారు. జబ్బు మనిషికి జబ్బు నటించడం నేర్పించి నా దగ్గరికి పంపారు.

అభిప్రాయంలో రెండూ రాశాను: ముద్దాయి చూపిస్తున్న లక్షణాలు నేర్పినవి; దాస్తున్న లక్షణాలు నిజమైనవి; అతనికి తీవ్రమైన మానసిక వ్యాధి ఉంది, వైద్యం కావాలి. ప్రభాకర్ గారికి ఫోన్‌లో చదివి వినిపిస్తే విసుక్కున్నారు. ఇది కమిటీ ముందు పెట్టకు, తేలని కేసులా ఉంది అన్నారు.

కుప్పం కోర్టులో సాక్ష్యం చెబుతుంటే ప్రభుత్వ వకీలు నన్ను బాగానే తిప్పలు పెట్టారు. నటిస్తున్నాడా, లేదా, ఒక్క మాటలో చెప్పమన్నారు. నటిస్తున్నాడన్నాను. పిచ్చివాడికి నటన ఎలా చేతనవుతుందని గొంతు పెంచారు. తనకు ఏ జబ్బూ లేదని అతను గట్టిగా నమ్ముతున్నాడు కాబట్టే నటించడానికి ఒప్పుకున్నాడు, ఆ నమ్మకమే జబ్బులో భాగం అన్నాను. మేజిస్ట్రేటు రాస్తున్న కలం ఆపి, ఆ వాక్యం మళ్ళీ చెప్పమన్నారు. కేసు నిలిపి వైద్యానికి ఉత్తర్వు ఇచ్చారు.

ఇంటర్వ్యూలో నేను ఆ కేసే చెప్పాను. చెప్పడానికి తేలిక కేసులు నాకు లేకపోలేదు. కానీ ఫోరెన్సిక్ పని అంటే ఏమిటో నాకు తెలిసింది దానితోనే. రిటైర్డ్ జడ్జి గారు శ్రద్ధగా విన్నారు. వైద్యుల్లో పెద్దాయన మాత్రం, ఏదో ఒకటి తేల్చడమే నిపుణుల పని గదా అని నవ్వారు. పోస్టు నగరంలోనే పనిచేస్తున్న మరొకరికి వెళ్ళింది. బాధ పడలేదంటే అబద్ధం.

మునెప్పకు మందులు పట్టాయి. కోలుకున్నాక విచారణ మళ్ళీ మొదలైంది. కొట్టిన సంగతి తనే ఒప్పుకున్నాడు. ఆ సమయానికి తెలివిలో లేడని కోర్టు నమ్మి, ఐపీసీ ఎనభై నాలుగో సెక్షన్ కింద నేరం లేదని తేల్చి, మందులు మానకూడదన్న షరతుతో భార్యకు అప్పగించింది. నెల నెలా ఇద్దరూ మదనపల్లె వచ్చేవారు. ఒకసారి మందులు రాస్తూ, అప్పటి సంగతి ఏమైనా గుర్తుందా అని అడిగాను.

“అంతా గ్యానముండాదమ్మా. బాయిలో మందుండాదని నాకు కండ్లకు కనపడినట్టే ఉండె. అదేం కష్టం గాలేదు. పిచ్చోని మాదిరి మన్ను తినేదే శానా నామోషీ అయింది. నాకేం పిచ్చి, నన్నెందుకు ఇట్ల సేయమంటాండారని లోపల ఏడిస్తి.”

2007లో మళ్ళీ ఖాళీ వచ్చింది. ప్రభాకర్ గారు ఈసారైనా వేరే కేసు పట్టుకెళ్ళమన్నారు. నేను మునెప్ప కేసే పట్టుకెళ్ళాను, మన్ను తింటూ లోపల ఏడ్చానన్న అతని మాటతో సహా. ఈ కమిటీలో ఎవరూ నవ్వలేదు. ఆ పోస్టులోనే రిటైరయ్యాను.

చివరి ఏళ్ళలో నేనే కమిటీలో కూర్చునేదాన్ని. వచ్చిన ప్రతి యువ డాక్టరూ నటన పట్టుకున్న కేసునే ఉత్సాహంగా చెప్పేవారు. వాళ్ళకూ ఒక ప్రభాకర్ గారు ఉండే ఉంటారు. నేను అందరినీ అడిగింది ఒకటే: నటించమని అతనికి ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు? నటన తేలగానే పని అయిపోయిందనుకున్న వాళ్ళు ఆ ప్రశ్నకు నా వైపు వింతగా చూసేవారు. ఆ ఇంటివాళ్ళతో కూర్చుని కనుక్కున్న వాళ్ళు అప్పుడప్పుడు ఒకరో ఇద్దరో వచ్చేవారు. నా మార్కులు వాళ్ళకే వేశాను.