ఓదెలు బదిలీ ముచ్చటల రాజన్న తప్పు లేదు

నిన్న పొద్దుగాల సుజాత ఫోన్ జేసింది.

"కాకా, బాపు పోయిండు."

ఎవరి బాపు బిడ్డా అని అడిగిన. నిజంగనే అడిగిన. దిమాక్ పనిచెయ్యలే.

రాజమల్లు. మా రాజన్న. అరవై ఏండ్ల దోస్తు.

సాగనంపి వచ్చి కూసున్న. టైపింగ్ తప్పులుంటే సదురుకొని చదువుండ్రి.

మన గ్రూపుల చిన్నోళ్ళకు రాజన్న అంటే రిటైర్డ్ ఫిట్టర్. ఎవ్వలతోని ఎక్కువ మాట్లాడని ముసలాయన.

గట్ల ఉండకపోతుండె మా రాజన్న.

పంతొమ్మిది వందల అరవైల్ల మేము మంచిర్యాల దగ్గర బొగ్గుబాయి కాలనీల ఉంటుంటిమి. ఒక్కో బాయికి ఒక్కో ఫుట్‌బాల్ టీమ్. ఎండకాలం వచ్చిందంటే గ్రౌండ్ పెనం లెక్క కాలుతుండె. ఆట బంద్.

ముచ్చట షురూ.

ఏ ప్లేయర్ ఏ బాయికి పోతడు? మేనేజర్లు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ తీసి మంచి మంచి ప్లేయర్లను గుంజుకునేటోళ్ళు. ఒక గోలీని, అంటే గోల్‌కీపర్‌ను, ఇచ్చి ఇద్దరు ఫార్వర్డ్‌లను తెచ్చుకున్న ఏడాది గూడ ఉన్నది.

చాయ్ హోటల్ల పొద్దంత గదే లొల్లి. గోలీ ఎక్కువనా, ఫార్వర్డ్ ఎక్కువనా? మోకాలు ఇరిగినోడు ఇంకెన్ని సీజన్లు ఆడుతడు?

రాజన్న నడుమ కూసుండి జడ్జి లెక్క అడుగుతుండె. "జూసినవా, ఇన్నవా?"

మంగలి షాపుల ఇన్న ముచ్చటైతే నవ్వి ఇడిసిపెట్టేటోడు. ఆఫీసుల జూసొచ్చిన ముచ్చటైతే పదహారణాల నిజం. గందుకే రాజన్న నోట్లకెల్లి వచ్చిందంటే కాలనీ అంత నమ్ముతుండె.

నేను హాజరు లెక్కలు, ఆర్డర్లు జూసే టైమ్ ఆఫీసుల క్లర్క్‌ను. రాజన్న లెక్కల నా మాట పదహారణాలు.

మా టీమ్‌ల ఓదెలు అని ఒక ప్లేయర్. మెట్‌పల్లి పిలగాడు, మగ్గం నేసే ఇల్లు. లెఫ్ట్ అవుట్, అంటే ఎడమ దిక్కు ఫార్వర్డ్, ఆడుతుండె. ఒకసారి కార్నర్ కొడితే బంతి గాల్లనే ఒంపు తిరిగి, ఎవ్వలకు తాకకుంట గోల్‌ల పడ్డది. ఎదుటి గోలీ సుత చప్పట్లు కొట్టిండు.

గంత ఆట ఉన్నా నౌకరీ టెంపరరీ.

గా ఎండకాలం మా మేనేజర్ ఓదెలును పిలిచి, "ఈడనే ఉంటనంటే పర్మనెంట్ జేస్త, వారంల జెప్పు" అన్నడు. పక్క బాయోళ్ళు గూడ ఓదెలును అడుగుతుండ్రని, క్వార్టర్ సుత ఇస్తరని రూమర్.

హోటల్ల లొల్లి ముదిరింది. పక్క బాయోళ్ళు మా గోలీనే తీసుకుంటరని అందరు. కాదు, ఓదెలునే అని నేనొక్కన్ని. నవ్విండ్రు నన్ను.

నాకు రోషం వచ్చింది. అందరు లేసిపోయినంక రాజన్న ఒక్కని దగ్గర కూసున్న.

"ఆర్డర్ టైపయింది. ఓదెలు పేరు నా కండ్లతోని జూసిన" అన్న.

జూడలే. రైల్ల ఎవడో అనంగ ఇన్న. గంతే.

రాజన్న నా మొఖం దిక్కు జూసిండు. "జూసినవా?"

"జూసిన."

చాయ్ సగంల ఇడిసిపెట్టి లేసిండు. సక్కగ ఓదెలు దగ్గరికి పోయి జెప్పిండు. పక్క బాయి నౌకరీ ఖాయమని నమ్మి, తెల్లారి ఓదెలు మా మేనేజర్‌కు "వద్దు సార్" అని జెప్పొచ్చిండు.

పక్క బాయోళ్ళు మా గోలీని తీసుకున్నరు.

మా మేనేజర్ గా పర్మనెంట్ పోస్టు ఇంకొకలకు ఇచ్చిండు. వానలు పడంగనే టెంపరరీలను తీసేసిండ్రు. రెండు టీమ్‌ల లిస్టులు గోడకు అంటిచ్చిండ్రు. ఓదెలు పేరు ఏ లిస్టుల లేదు.

కాలనీ అంత రాజన్న మీద పడ్డది. గప్పాల రాజమల్లు అని పేరు పెట్టిండ్రు. ఆఖరికి రిటైర్‌మెంట్ ఫంక్షన్ల గూడ మైకుల గదే పేరు పిలిచిండ్రు.

రాజన్న నా పేరు తియ్యలే.

నేను నోరు తెరవలే.

దసరాకు ముందు ఇద్దరం మెట్‌పల్లి పోయినం. ఓదెలు మగ్గం గుంతల కూసొని నేస్తుండు. గోల్ కొట్టిన గా ఎడమకాలు కింద చెక్కను తొక్కుతుంది, ఇడుస్తుంది. మమ్ముల జూసి ఆపిండు. లేసి మంచినీళ్ళు ఇచ్చిండు.

"నీ తప్పేముందే రాజన్నా? నీకు గూడ ఎవలో జెప్పే ఉంటరు. ఎవలు జెప్పిండ్రే?"

నేను పక్కనే ఉన్న. చేతుల నీళ్ళ చెంబు.

"యాదికి లేదు తమ్మీ" అన్నడు రాజన్న.

ఓదెలు మళ్ళ అడుగలే. పోయి మగ్గంల కూసున్నడు.

వాపస్ వచ్చేటప్పుడు బస్సుల అడిగిన, నా పేరు ఎందుకు జెప్పలే అని.

"జెప్తె ఆయనకు నౌకరీ వస్తదా?"

గంతే. మళ్ళ ఎన్నడు గా ముచ్చట ఎత్తలే. హోటల్‌కు వచ్చుడు బంద్ జేసిండు. ఫుట్‌బాల్ పేరు ఎత్తితే లేసి పోయేటోడు.

ఆర్డర్ నేను నిజంగనే జూసిన్నని, తర్వాత ఆఫీసోళ్ళు మార్చిండ్రని అనుకున్నడో ఏమో. అడిగే ధైర్యం నాకు లేకుండె.

ఓదెలు మళ్ళ గ్రౌండ్‌ల కాలు పెట్టలే. నలభై నిండకముందే దమ్ము బీమారితోని పోయిండు. గప్పుడు గూడ నేను జెప్పలే.

పోయిన నెల రాజన్నను జూడ దవఖానకు పోయిన. చెయ్యి పట్టుకొని అంత జెప్పిన. ఆర్డర్ జూడలే రాజన్నా, అబద్ధం ఆడిన, మాఫ్ జెయ్యి అన్న.

రాజన్న నా మొఖం దిక్కు జూసిండు.

"మీరు ఏ ఊరోళ్ళు సార్?" అన్నడు.

నేను చెయ్యి పట్టుకొని ముంగటనే కూసున్నా, గా మాట ఇనాల్సిన మనిషి అప్పటికే లేడు.

సుజాతా, మీ బాపు అబద్ధాలకోరు కాదు బిడ్డా. అబద్ధం నాది. నిన్న మీ ఇంట్ల కూసొని గూడ జెప్పలేకపోయిన.

ఇప్పుడు రాసి ఫాయిద ఏం లేదు. నాకెరుకే. ఎవ్వలు ఓదార్చకుండ్రి. కామెంట్లల్ల "పోనియ్యి అన్నా" అనకుండ్రి.

పోయిరా రాజన్నా.
నువ్వు పోయిన కాడనన్న నీ పానం నిమ్మళంగ ఉండాలె.