రెండు వంకర చెవులు

నా చిన్నప్పుడు నేను మొట్టమొదట చీదరించుకున్న పెద్దమనిషి ఒక ఫ్రెంచి శిల్పి. ఆయన పోయి అప్పటికే నూరేళ్లు. మా తాతయ్య తెనాలిలో విగ్రహాలు చేసే పాకలో రాతిపని చేసేవాడు. ఆ పాక యజమాని ఈ శిల్పి ఫొటో గోడకు తగిలించుకుని, వచ్చినవాళ్లందరికీ ఆయన చరిత్ర చెప్పేవాడు. ఇరవై ఏళ్లకే అకాడమీ బహుమతి, సర్కారు ఖర్చుతో రోములో చదువు, తరవాత ఏ మంత్రి గద్దెనెక్కితే ఆ మంత్రి బొమ్మ, ఏటేటా పతకం, చివరికి అకాడమీలో కుర్చీ. గడ్డం కూడా పతకాలకు అడ్డం రాకుండా దువ్వుకున్నాడు.

ఆ కథ వింటే తాతయ్యకు ఒళ్లు మండేది. ఆ శిల్పి మట్టితో మూరెడు నమూనా చేసి చేతులు కడుక్కునేవాడట. దాని కొలతలు సూదులతో తీసుకుని, పాలరాతిలో నిలువెత్తు విగ్రహం చెక్కింది కూలీలు. కింద సంతకం మాత్రం ఆయనది. అలాంటి సంతకాన్ని తాతయ్య ఈగ వాలిన మరక కింద జమకట్టేవాడు.

నా నాలుగో తరగతిలో మట్టిబొమ్మల పోటీ పెట్టారు. నాకు మొదటి బహుమతి కావాలి. చేసిపెట్టమని తాతయ్య దగ్గర ఏడ్చాను. ఆయన మా నాయనమ్మ తల చేశాడు, ముడతలతో సహా. చెవులు మాత్రం పెట్టలేదు.

"అవి నువ్వు పెట్టమ్మా. పేరు నీదే కదా," అన్నాడు.

నేను అంటించిన చెవులు ఒకటి పైకి, ఒకటి కిందికి, మాడిన గారెల్లా ఉన్నాయి. మాస్టారు బొమ్మను చాలాసేపు చూసి, ఇందులో నువ్వు చేసినవి ఈ చెవులేనా అని అందరి ముందూ అడిగారు. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి బొమ్మను విసిరికొట్టబోతే, తాతయ్య ఆ చెవులు రెండూ ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"తల నాది, నా దగ్గరే ఉంటుంది. ఇవి నీవి, దాచుకో."

ఓదార్చలేదు.

ఈ లాక్‌డౌన్‌లో, ఇక్కడ జర్మనీలో, జార్‌బ్రూకెన్‌లో, మా నాలుగేళ్ల అమ్మాయి వెళ్లే కీటా, అంటే చిన్నపిల్లల బడి, మూతపడింది. పిల్లలు ఇంట్లో ఉప్పుపిండితో చేసిన బొమ్మల ఫొటోలు పంపమన్నారు టీచర్లు. పిల్ల వెనకబడిందని ఎక్కడ రాస్తారోనని నా భయం. ముళ్లపందిని నేనే చేసి, ముళ్లన్నీ వరసగా గుచ్చి, ఫొటో తీసి, కింద మా అమ్మాయి పేరు టైపు చేశాను.

"దస్ హాస్ట్ డూ గెమాఖ్ట్, మమ్మా," అంది అది, తల కూడా ఎత్తకుండా. ఇది నువ్వు చేశావు కదా అని.

ఆ ఫ్రెంచి పెద్దమనిషి గడ్డం నా ముఖానికి మొలిచినట్టయింది. ఫొటో చెరిపేసి, పొద్దున అది చేసిన మూడు కాళ్ల ముద్దను పంపాను.

ఆ చెవులు నాతో జర్మనీ వచ్చాయి. పాస్‌పోర్టుల డబ్బాలో ఉన్నాయి, ఒకదాని అంచు రాలింది. ఎవరు చేశారని మా అమ్మాయి అడిగితే, నేనే అని తడుముకోకుండా చెప్పాను.