పట్టుకు వేసే రంగు జుట్టుకు వేసుకుంటే

హిందూపురంలో ఒక కాలేజీ వార్షికోత్సవం నాడు, నిక్షేపంగా ఉన్న నన్ను నలుగురు కలిసి స్ట్రెచర్ ఎక్కించబోయారు. నాకు ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. ఈ ఘనకార్యం పూర్తిగా నా తెలివితేటల చలవే. చెబుతాను, మీరూ నవ్వుకోండి. మా ధర్మవరంలో ఎలాగూ నవ్వనివాళ్ళెవరూ మిగల్లేదు.

అప్పటికి నేను ‘కంపచెట్లు’ అనే పాప్ పంక్ బ్యాండుకు లీడ్ సింగర్ని. పాప్ పంక్ అంటే ఏమిటంటారా? గిటారు పరుగెత్తుతుంటుంది, డ్రమ్ములు దాన్ని తరుముతుంటాయి, పాడేవాడు ఎగిరెగిరి దూకుతూ, తనను ఎవరూ అర్థం చేసుకోవడం లేదని మహా ఉత్సాహంగా అరుస్తుంటాడు. నన్నయితే నిజంగానే ఎవరూ అర్థం చేసుకునేవారు కాదు, ముఖ్యంగా పాడేటప్పుడు. బ్యాండంతా కలిపి ఇద్దరం. గొంతూ గిటారూ నావి, డ్రమ్ములు పెనుకొండ ఇంతియాజ్‌వి.

మా నాయనకు ఇంటి వెనకే పట్టునూలుకు రంగులద్దే కొట్టం ఉంది. ఆయన అద్దిన ఎరుపు చీర చిరిగేదాకా పోదని మగ్గాలవాళ్ళు చెప్పుకుంటారు. నేనూ ఆ కొట్టంలోనే స్థిరపడాలని ఆయన కోరిక. నేనేమో కొట్టం పేరెత్తితే గిటారు పట్టుకుని వీధిలోకి ఉడాయించేవాణ్ణి. రోజూ ఇంట్లో రభస. చివరికి హిందూపురం ప్రోగ్రాంకు తనే వచ్చి చూస్తానన్నాడు.

“జనం మెచ్చినారంటే పాడుకో. లేదంటే సోమవారం నుంచి కొట్టానికి రావల్లప్పా.”

అంటే నా బతుకంతా ఒక్క సాయంత్రం మీద ఆధారపడింది. బుద్ధి ఉన్నవాడైతే కూర్చుని పాటలు సాధన చేస్తాడు. నేను జుట్టు గురించి ఆలోచించాను. ఫోన్లో చూసిన పంక్ గాయకులందరికీ పచ్చదో ఎర్రదో జుట్టుంది, నాకే లేదు. వెంటనే సెలూనుకు వెళ్ళి జుట్టంతా ఎండుగడ్డి రంగుకు వచ్చేలా బ్లీచ్ చేయించుకున్నాను. దానిపైన వేసే ఎరుపు మాత్రం కొనలేదు. ఇంటి వెనక డబ్బాలకొద్దీ రంగు పెట్టుకుని అంగట్లో కొనడమేమిటి, నామర్దా!

చిక్కల్లా ఒక్కటే. నాయన పట్టును మసిలే నీళ్ళలో ముంచి తిప్పుతాడు. మసిలే నీళ్ళలో తల ముంచేంత కళాభిమానం నాకు లేదు. ఆయన భోజనానికి వెళ్ళిన సమయం చూసి, గోరువెచ్చని నీళ్ళలో రంగు కలిపి తలకు పట్టించుకున్నాను. ఆరాక అద్దంలో చూసుకుంటే అచ్చం పండుమిరప. మురిసిపోయి, తలకు తుండు చుట్టుకుని రైలెక్కాను. పెనుకొండలో డ్రమ్ములతో ఎక్కిన ఇంతియాజ్ తుండెత్తి చూశాడు.

“రే, ఇది పోదు కదా?”

మా నాయన రంగును అనుమానించినందుకు వాడితో హిందూపురం దాకా మాట్లాడలేదు.

నాయన వేరే పనులు చూసుకుని, ప్రోగ్రాం వేళకు నేరుగా కాలేజీకి వచ్చాడు. మూడో వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముందు వరుసలో ముఖ్య అతిథి, మీగడరంగు పట్టుచొక్కాలో పెళ్ళికొడుకులా మెరిసిపోతున్నాడు. ‘ప్యాసింజరూ రాలే, నువ్వూ రాలే’ అని నా సొంత పాట ఎత్తుకున్నాను. పల్లవికి ఈలలు పడ్డాయి. చరణానికి లైట్ల వేడి తగిలి చెమట పట్టింది. ఆ చెమట ఎర్రగా ఉందని నాకేం తెలుసు? ఈలలు ఆగిపోయి జనం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, నా గానానికి మైమరిచారనుకున్నాను. ఒకమ్మాయి ఏకంగా కళ్ళు మూసుకుంది. ఇక ఆగుతానా? నీళ్ళలోంచి లేచిన కుక్కలా తల బలంగా విదిలించాను.

ముఖ్య అతిథి చొక్కా నిండా ఎర్రచుక్కలు పడ్డాయి.

డ్రమ్ములు టక్కున ఆగాయి. “రే, నీ తల పగిలిందిరా,” అన్నాడు ఇంతియాజ్, రైల్లో రంగు గురించి అడిగింది తనేనన్న సంగతి కూడా మరిచిపోయి.

కాలేజీ కుర్రాళ్ళు స్టేజీ ఎక్కి నన్ను వెల్లకిలా పడుకోబెట్టారు. గాయం కడుగుదామని ఎవరో బకెట్‌తో నీళ్ళు తెచ్చి పోశారు. ఎంత పోస్తే అంత ఎరుపు దిగింది. పెద్ద నరమే తెగినట్టుందని ఒక పెద్దాయన తేల్చేశాడు. రక్తం కాదు, రంగు అని నేను మొత్తుకున్నాను. తలకు దెబ్బ తగిలినవాళ్ళు ఇలాగే మాట్లాడతారని ఆయనే జాలిపడ్డాడు. ఈలోగా స్ట్రెచర్ కూడా వచ్చింది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ నాయన వచ్చాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు, ఉన్నదంతా నా మొహం మీదే ఉంది. నా నుదురు తడిమాడు. వేళ్ళ మధ్య ఆ ఎరుపును రుద్దాడు, వాసన చూశాడు. ఒక్క క్షణం ఆయన కళ్ళు చెమర్చాయి. నా మీద ఆయనకు అంత ప్రేమ ఉందని నాకు అప్పుడే తెలిసింది. సరిగ్గా ఆ ఒక్క క్షణమే ఉంది కూడా.

“ఇది నా ఎరుపు కదరా. నీళ్ళు మసలకుండానే అద్దినావా?”

తలూపాను. మరో నాలుగు చుక్కలు రాలాయి.

నాయన లేచి నా మైకు అందుకున్నాడు. “అందరూ వినండప్పా. రంగు నాదే, అద్దింది మాత్రం ఈడు. నేను అద్దినానంటే నానబెట్టినా దిగదు. ఈనికి పని చేతగాదు, అంతే.”

హాలు దద్దరిల్లింది. నా పాటకు రాని చప్పట్లన్నీ ఆయనకే వచ్చాయి.

తిరుగు రైలు ముగ్గురం కలిసే ఎక్కాం. పెనుకొండలో ఇంతియాజ్ నా వైపు చూడకుండానే దిగిపోయాడు. ఇక నా పాటల బతుకు ముగిసినట్టేనని ఏడుపొచ్చింది.

“సోమవారం పొద్దున్నే రావల్లా, నాయనా?”

“యాడికి?”

“కొట్టానికి.”

నాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. “నువ్వా? కొట్టంలో అడుగు పెట్టినావంటే కాళ్ళు ఇరగ్గొడతా. నీ అసుమంటోన్ని రంగు కాడికి రానిస్తే నా పేరేం గావల్ల? పోయి పాటలే పాడుకో.”

గొప్ప కళాకారుల జీవితాల్లో తొలి ఆశీర్వాదం ఒకటి ఉంటుందట. నాది ఇది.

ఎవరో తీసిన వీడియో ఊరూరా తిరిగి, ఇప్పుడు మా కంపచెట్లకు పక్క మండలం తాడిమర్రి నుంచి కూడా పిలుపులొస్తున్నాయి. జుట్టుకు అంగట్లో కొన్న రంగే వేసుకుంటున్నాను. నాయన ప్రతి ప్రోగ్రాంకూ వస్తాడు. స్టేజీ ఎక్కేముందు తెల్లగుడ్డ తడిపి నా నెత్తి మీద బరబరా రుద్ది, గుడ్డకు ఏమీ అంటలేదని చూశాకే వదులుతాడు. మొన్న ధైర్యం చేసి, పాట ఎట్లుండాదని అడిగాను.

“పాట నాకేం తెలుసప్పా. రంగు నిలిచింది.”

అన్నట్టు, ముఖ్య అతిథి గారి చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఆ చుక్కలు పోలేదట. ఆ కబురు విన్న రోజు నాయన మగ్గాలవాళ్ళందరికీ టీ పోయించాడు.

కాబట్టి నా ఎర్రజుట్టు మీద ఒట్టేసి, పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ మా కొట్టంలోని రంగుడబ్బా ముట్టను. ముట్టినా, మీగడరంగు పట్టుచొక్కా తొడుక్కున్నవాళ్ళ ముందు తల విదిలించను.