మెన్నో పొదిగిన తాటి టెంక

ఆఫ్కె మా పక్కింటావిడ. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ కాబట్టి ఆవిడ కత్తెర చప్పుడు కూడా మాకు వినిపిస్తుంది. ముందు గదిలో ఒక అద్దం, తిరిగే కుర్చీ పెట్టుకుని మా ఊరు అప్పింగెడాంలో సగం మంది ఆడవాళ్లకి జుట్టు కత్తిరిస్తుంది. ఆ కుర్చీలో కూర్చుంటే కాస్త జాగ్రత్తగా ఉండాలి. తల పక్కకి తిప్పితే చుట్టూ ఉన్న కుండీల్లోంచి ఏదో ఒక ఆకు చెవిలోకి వస్తుంది.

ఇదంతా ఒక లిచీ గింజతో మొదలైంది. పండు తిని పారేయబోతుంటే గింజ నున్నగా మెరుస్తూ కనిపించి ఆవిడకి మనసొప్పలేదు. తడి దూదిలో చుట్టి కిటికీలో పెట్టింది. అది మొలవలేదు, బూజు పట్టింది. ఇంకొకరైతే అక్కడితో మానేసేవారు. ఆఫ్కెకి మాత్రం పంతం పట్టుకుంది. మామిడి టెంకలు, సీతాఫలం గింజలు, బొప్పాయి గింజలు, బజార్లో కనిపించిన ప్రతి పండూ కొనడం, మెన్నో చేత తినిపించడం, గింజ దాచడం. చలికాలంలో ఎండ కోసం దక్షిణాదికి వెళ్లొచ్చే ఆడవాళ్లు హోటలు తోటల్లో రాలిన ఈత గింజలు కోటు జేబుల్లో వేసుకొచ్చి ఇచ్చేవారు. అన్నిటికీ బూజే. తప్పు గింజలది కాదు, మెన్నోదని ఆవిడ గట్టి నమ్మకం.

మెన్నో ఆవిడ మొగుడు. సముద్రాన్ని ఆపే కట్ట మీద గడ్డి కోసే యంత్రం నడిపి రిటైరయ్యాడు. ఇంట్లో వేడి పద్దెనిమిది డిగ్రీలు దాటనివ్వడు. తాటిజాతి గింజలకి ముప్ఫై డిగ్రీలు ఉండాలనీ, అదీ పగలూ రాత్రీ ఉండాలనీ ఆవిడ ఎంత మొత్తుకున్నా, వాటికీ తలా ఒక స్వెట్టరు అల్లమన్నాడట.

ఆ ఇంట్లో ముప్ఫై డిగ్రీలున్న చోటు ఒక్కటే. మెన్నో నడుం నొప్పి కోసం ఎప్పుడో కొన్న నీళ్ల పరుపు. పెద్ద తిత్తి నిండా నీళ్లు, అడుగున వాటిని వెచ్చబెట్టే కరెంటు పలక. ఒకరోజు దుప్పటి మారుస్తూ ఆ పరుపు మీద చెయ్యి ఆనించిన ఆఫ్కె అలాగే నిలబడిపోయింది. ఆ మధ్యాహ్నమే తడిపిన కొబ్బరి పొట్టులో గింజలు కలిపి, చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పోసి మూతులు బిగించి, దుప్పటి కింద మెన్నో కాళ్ల వైపు వరసగా పరిచింది. ఆయనకి చెప్పలేదు. చెబితే ఏమంటాడో తెలుసు.

మెన్నోకి మడమల కింద గరగరలాడింది. ఆనెకాయలనుకున్నాడు. మందుల షాపు నుంచి ఏదో లేపనం తెచ్చి రోజూ రాసుకున్నాడు. తగ్గకపోతే పాదాలు చూసే అమ్మాయి దగ్గరికి వెళ్లాడు. ఈ వయసులో ఇంత మెత్తటి పాదాలు తను చూడలేదని ఆ అమ్మాయి మెచ్చుకుంది. దాంతో ఆయనకి ఇంకా భయం పట్టుకుంది. పడుకుంటే వస్తున్నాయి, లేస్తే పోతున్నాయి అని మా ఆయన దగ్గర చెప్పుకుని వాపోయాడు. మా ఆయన తనకేదో తెలిసినట్టు, అది నరాల జబ్బన్నాడు.

ఒక ఆదివారం పొద్దున మేం రొట్టె తింటుండగా గోడ అవతల్నుంచి మాటలు వినిపించాయి.

"ఆఫ్కె, పక్కలో ఈ మట్టేంటి?"

"మట్టి కాదు, కొబ్బరి పొట్టు."

"కొబ్బరి పొట్టు మాత్రం ఎందుకుంది?"

"ఈత గింజలు మొలుస్తాయని పెట్టాను."

మా ఆయన నమలడం ఆపేశాడు.

"మొలిచాయా మరి?"

"నీ ఎడమ కాలి వైపువి మొలిచాయి. కుడి కాలు నువ్వు ఊరికే విసురుతావు."

మొలిచాయా అని అడిగినప్పుడే ఆయన దొరికిపోయాడని ఆఫ్కె అంటుంది. ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. పిక్కల కంటే పైకి గింజలు రాకూడదు, సంచికి రెండో సంచి తొడగాలి, మెన్నో అక్క హిల్లికి మాత్రం ఈ విషయం తెలియకూడదు. ఆ చలికాలమంతా మెన్నో కుడి కాలు కదపకుండా పడుకోవడం నేర్చుకున్నాడు. మొలకలు లెక్కపెట్టే పని కూడా తనే తీసుకున్నాడు.

అప్పుడు ఇమ్కా బాలి ద్వీపానికి షికారు వెళ్లి వచ్చింది. నెలకోసారి జుట్టుకి రంగు వేయించుకునే మనిషి. చేతిసంచి తెరిచి, పిడికిలంత, పీచు పట్టిన టెంక ఒకటి ఆఫ్కె చేతిలో పెట్టింది. తాటి టెంక. ఆఫ్కె సంతోషంలో ఇమ్కా తల మీది రంగు సంగతే మర్చిపోయింది. ఇమ్కా ఆ నెలంతా వంకాయ రంగు జుట్టుతో తిరిగింది.

ఇది గింజ కాదు, బండరాయని మెన్నో గొణిగాడు. అయినా పరుపు మూల చోటిచ్చాడు. మొదట్లో బొటనవేలికి తగిలి తిట్టుకునేవాడు. తర్వాత తర్వాత దాని మీద కాలు వేసుకుంటే గానీ నిద్ర పట్టడం లేదని తనే చెప్పాడు.

మెన్నో పుట్టినరోజు మార్చిలో. అందరం ముందు గదిలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని, ఒళ్లో కేకు ముక్క, చేతిలో కాఫీ పెట్టుకుని కూర్చున్నాం. హిల్లి అందరికంటే మంచి కుర్చీ ఎంచుకుంది. ఆవిడ పొదుపు ముందు మెన్నోది దుబారా అనే చెప్పాలి. తన కాలి నొప్పుల గురించి చెబుతూ చెబుతూ మధ్యమధ్య గుక్క వేసుకుంటోంది.

"నీకు చెయ్యి తిరిగింది ఆఫ్కె," అంది కప్పులోకి చూస్తూ. "తాగినకొద్దీ ఊరుతోంది మీ ఇంటి కాఫీ. కాకపోతే మరీ పల్చన చేశావు."

అందరం పైకి చూశాం. సరిగ్గా హిల్లి తల మీద సీలింగు గర్భిణి పొట్టలా దిగి ఉంది. దాని కొస నుంచి చుక్క తర్వాత చుక్క, చాలా మర్యాదగా, కప్పులో పడుతోంది.

మెన్నో మెట్లెక్కి పరిగెత్తాడు. వెనకే ఆఫ్కె, ఆవిడ వెనక మేం. పడకగదిలో మేజోళ్లు తడిసిపోయేటన్ని నీళ్లు. పరుపు పాతది, అడుగున పరిచిన పట్టా ఎప్పుడో చిరిగింది. ఆఫ్కె దుప్పటి లాగింది. టెంక నుంచి తెల్లగా, బొటనవేలంత లావున తేగ బయల్దేరి, రెండు సంచుల్నీ చీల్చుకుని, తిన్నగా నీళ్ల తిత్తిలోకి దిగబడి ఉంది.

"మొలిచింది," అంది ఆఫ్కె. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లాగకు, విరుగుతుంది," అన్నాడు మెన్నో గబుక్కున. అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, తన మేజోళ్ల వైపు చూసుకుని, "నేను దేని మీద పడుకోను?" అన్నాడు.

మా ఆయన తోట గొట్టం తెచ్చి, ఒక కొస తిత్తిలో పెట్టి, రెండోది కిటికీలోంచి వీధిలోకి వదిలాడు. సీలింగు ముక్క కేకు మీద పడింది. ఆ పరుపు నీళ్లలో నాచు పట్టకుండా మందు కలుపుతారని ఎవరో నోరు జారారు. హిల్లి మొహం పాలిపోయింది. ఏమీ కాదని డాక్టరు ఫోన్లో చెప్పినా నమ్మలేదు. ఇప్పటికీ కడుపులో గుడగుడమంటే ఆ కాఫీ పేరే చెబుతుంది.

"మా తమ్ముడి నడుం నీ గింజల పాలు చేశావు కదే," అంది పోతూ పోతూ. "పదరా మెన్నో, మా ఇంట్లో మనుషులు పడుకునే మంచం ఉంది."

"తీసుకెళ్లండి వదినా," అంది ఆఫ్కె, చూపు టెంక మీంచి తిప్పకుండా. "కాస్త వెచ్చగా ఉంచండి చాలు."

ఆ మాటకి మెన్నోకి నిజంగా కోపం వచ్చింది. తలగడ చంకన పెట్టుకుని అక్క వెంట వెళ్లిపోయాడు. ఆఫ్కె తర్వాత మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. మొలక వచ్చినందుకు సంతోషించాలో, మనిషి పోయినందుకు ఏడవాలో తేలక, రెండూ కొంచెం కొంచెం చేసింది. క్షమించమని అడగడానికి ఫోన్ చేస్తే హిల్లి ఎత్తి, తమ్ముడు విశ్రాంతిలో ఉన్నాడని పెట్టేసింది.

విశ్రాంతి ఏమంత జరగలేదు. హిల్లి ఇంటి మంచం తలుపు చెక్కలా ఉందట. ఇంట్లో వేడి పదిహేను డిగ్రీలట. మెన్నో చలిగా ఉందంటే రెండో స్వెట్టరు ఇచ్చిందట. వారం తిరక్కుండానే, వానలో, సైకిలు వెనక తలగడ కట్టుకుని తిరిగొచ్చాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆఫ్కె తలుపు తీసింది. ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు.

"దాన్నెక్కడ పెట్టావు?" అన్నాడు.

"స్నానాలగదిలో, హీటరు పక్కన. బకెట్లో."

"అది కిందికి దిగే రకం కదా, బకెట్టు సరిపోతుందా?"

తలగడ ఆవిడ చేతికిచ్చి నేరుగా పెరట్లోని కొట్టులోకి వెళ్లాడు. తన ఎత్తులో సగం ఉండే మురుగు గొట్టం ఒకటి వెతికి, రంపంతో కోసి, అడుగు మూసి, ఇసుక కలిపిన మట్టి నింపి టెంక నాటాడు. నీళ్లు కాగే బాయిలరు ఉన్న అల్మరాలోంచి తన సామానంతా బయటపడేసి గొట్టాన్ని అక్కడ నిలబెట్టాడు. ఆఫ్కె మామూలు మంచం ఒకటి కొనిపించింది, ఈసారి ఆయన ముందు పడుకుని చూశాకే. నడుం నొప్పి తగ్గిందని ఆయన ఒప్పుకోడు గానీ, ఈమధ్య దాని ఊసెత్తడం మానేశాడు.

వేసవిలో మడతలు పెట్టిన విసనకర్రలాంటి ఆకు ఒకటి పైకొచ్చింది. జుట్టు కోసం వచ్చినవాళ్లందరికీ మెన్నోయే తీసుకెళ్లి చూపిస్తున్నాడు. మొలిపించింది ఆఫ్కె అని చెబుతాడు, పొదిగింది మాత్రం తనేనంటాడు.

మొన్న పక్క పట్నం గ్రోనింగెన్‌లో తాటిజాతి మొక్కల పిచ్చివాళ్లు ఏడాదికోసారి పెట్టుకునే కూటానికి గొట్టంతో పాటు మమ్మల్నీ లాక్కెళ్లారు. అక్కడ ఒక పెద్దాయన గొట్టం చుట్టూ తిరిగి, ఆకు తడిమి, తాటిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు అని చెప్పాడు. ఇది ఏదో తెలియాలంటే పదిహేను, ఇరవై ఏళ్లు ఆగాలట. ఒంటరిగా ఉంటే ఆడచెట్టయినా కాయ కాయదట.

మెన్నో వింటూ గడ్డం గీరుకున్నాడు. ఆయనకి డెబ్బై దగ్గరపడుతోంది.

తిరుగుదారిలో కారు మా వీధి మలుపు తిరుగుతుండగా, ఇమ్కా మళ్లీ బాలి ఎప్పుడు వెళ్తోందని ఆఫ్కెని అడిగాడు.